గుండె డాక్టరుకి ఐదు స్టార్లు, బిల్లింగ్ కౌంటర్‌కి రెండు

ముందే చెప్పేస్తాను. వైద్యానికి ఐదుకి ఐదు. నర్సింగ్‌కి నాలుగు. బిల్లింగ్‌కి రెండు, ఆ రెండులో ఒకటి డిశ్చార్జి రోజు కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి ఓపికకి. ఆస్పత్రి గుంటూరులో ఉంది, పేరు రాయను. రాస్తే ఆ ఒక్క ఆస్పత్రే అలా ఉందనుకుంటారు. నేను చాలా ఏళ్లు విజయవాడలో ఒక కార్పొరేట్ ఆస్పత్రి బిల్లింగ్‌లో పనిచేశాను. ఎస్టిమేట్ ఎలా వేస్తారో, సాయంత్రం మీటింగ్‌లో "ఏ బెడ్ మీద ఎంత డ్యూ ఉంది" అని ఎలా నిలదీస్తారో, ఆ ఒత్తిడి మర్నాడు పొద్దున పేషెంటు తాలూకు వాళ్ల మీదకి ఎలా దిగుతుందో అన్నీ దగ్గర నుంచి చూసినదాన్ని. కాబట్టి ఇది కోపంతో రాస్తున్న రివ్యూ కాదు. ఏది డాక్టరు చేసిన పని, ఏది కౌంటర్ చేసిన పని అని విడదీసి చెప్పే ప్రయత్నం.

పేషెంటు మా మామయ్య, అంటే మా ఆయన నాన్న. అరవై దాటాయి, పల్నాడులో మిర్చి రైతు, బీపీ మాత్ర గుర్తొచ్చినప్పుడు వేసుకునే రకం. కల్లంలో కాయలు ఆరబోసి ఉన్నాయని రాత్రి కాపలాకి వెళ్లారు. తెల్లవారుజామున ఛాతీ పట్టేసినట్టుందంటూ ఇంటికొచ్చారు. అత్తయ్య గ్యాస్ అనుకుని వాము నీళ్లు కాచి ఇచ్చింది. ఊళ్లో ఆర్ఎంపీ కూడా గ్యాస్ ఇంజెక్షనే తీశాడు. ఈలోగా మా మరిది, నాన్న చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉండటం చూసి 108కి ఫోన్ కొట్టాడు. డిగ్రీ తప్పాడని ఇంట్లో అందరం తిట్టే పిల్లాడు, ఆ పూట వాడొక్కడికే బుర్ర పనిచేసింది.

108 వాళ్లు దగ్గర్లోని ప్రభుత్వ ఏరియా ఆస్పత్రికి తీసుకెళ్లారు. అది తెలిసి చుట్టాల్లో సగం మంది ఫోన్లోనే మందలించారు, గవర్నమెంటుకెందుకు, నేరుగా గుంటూరు తేవాల్సింది కదా అని. నేరుగా గుంటూరు తెచ్చి ఉంటే దారిలో గంటన్నర పోయేది. గుండె రక్తనాళంలో గడ్డ అడ్డుపడ్డప్పుడు దాన్ని కరిగించే టెనెక్టెప్లేస్ అనే ఇంజెక్షన్ ఉంది. బయట దాని ధర నలభై వేల పైమాటే. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో స్టెమీ (తీవ్రమైన గుండెపోటుకి డాక్టర్లు వాడే మాట) పేరుతో మొదలైన కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రుల్లో దాన్ని ఉచితంగా వేస్తున్నారు. ఈసీజీ తీసి పెద్దాస్పత్రిలో ఉన్న గుండె డాక్టరుకి పంపుతారు, ఆయన చూసి సరేనంటే అక్కడికక్కడే వేసేస్తారు. డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరు మా మరిదితో ఒక సంతకం పెట్టించుకుని, ఏమవుతుందో, ఏం కావొచ్చో రెండు ముక్కల్లో చెప్పి సిరంజి తీశాడట. డబ్బు ఊసే ఎత్తలేదు. నా దృష్టిలో మామయ్య బతికింది అక్కడ. గుంటూరులో జరిగిందంతా ఆ తర్వాతి మరమ్మతు.

ఇది ఎందుకింత నొక్కి చెప్తున్నానంటే, మా వీధిలోనే ఇంకో ఆయన ఉండేవాడు. జిన్నింగ్ మిల్లులో పని, మామయ్య కంటే చిన్నవాడు. ఆయనకీ ఇలాగే తెల్లవారుజామునే నొప్పి వచ్చింది. 108 రావడానికి టైం పడుతుందని తెలిసినవాళ్ల కారులో ఒక నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్లారు. ఈసీజీ తీశారు, గుండెపోటన్నారు, అడ్వాన్స్ కట్టమన్నారు. అంత పొద్దున అంత డబ్బు ఎక్కడిది? బామ్మర్దికి ఫోన్లు, బంగారం తాకట్టు పెట్టే కొట్టు ఎన్నింటికి తెరుస్తారో కనుక్కోవడాలు. చివరికి ఇంకో చోట తక్కువ అడుగుతారని బయల్దేరదీశారు. అక్కడ ఐసీయూలో బెడ్ లేదన్నారు. మూడో చోటికి చేరేలోపే పోయాడు. ఊళ్లో అందరూ హార్ట్ ఎటాక్‌తో పోయాడనే చెప్పుకున్నారు, డెత్ సర్టిఫికెట్‌లోనూ అదే ఉంటుంది. కారులో తిరిగిన ఆ టైం ఏ కాగితం మీదా ఉండదు. ఆ మొదటి నర్సింగ్ హోమ్‌కి రెండు వీధుల అవతలే ఏరియా ఆస్పత్రి ఉంది.

ఇక గుంటూరు. ఇంజెక్షన్ పడ్డాక ఒక రోజు లోపు యాంజియోగ్రామ్ చేయించుకోవాలని అక్కడి డాక్టరు చెప్పాడు. మా ఆయన కంపెనీ ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్నలకి కూడా కవరేజ్ ఉంది, ఈ ఆస్పత్రి ఆ నెట్‌వర్క్‌లో ఉంది, అందుకని ఇక్కడికి తెచ్చారు. క్యాజువాలిటీలో వంక పెట్టడానికి ఏమీ లేదు. స్ట్రెచర్ దిగిన క్షణం నుంచి మానిటర్ పెట్టారు, ఈసీజీ మళ్లీ తీశారు, అంతకు ముందు ఏ ఇంజెక్షన్ ఎన్ని గంటలకి పడిందో రాసుకున్నారు. కార్డియాలజిస్టు పది నిమిషాల్లో కిందకి దిగొచ్చాడు.

కానీ సీసీయూకి, అంటే గుండె పేషెంట్ల ఐసీయూకి, పంపే ముందు పీఆర్వో వచ్చి యాభై వేలు డిపాజిట్ అడిగాడు. కార్డు చూపిస్తే, "అప్రూవల్ వచ్చేదాకా ప్రొసీజర్ అండి" అన్నాడు. మరిది ఫోన్‌పేలో పన్నెండు వేలున్నాయి. నేను విజయవాడ నుంచి బస్సు దిగేసరికి వాడు గేటు దగ్గర స్నేహితులకి ఫోన్లు చేసుకుంటూ నిలబడి ఉన్నాడు. మామయ్య ఇంకా క్యాజువాలిటీలోనే ఉన్నారు.

ఇలాంటప్పుడు అరిచి లాభం లేదు. అరిచేవాళ్లకి సెక్యూరిటీ ఉంటాడు. నేను డ్యూటీ మేనేజర్‌ని పిలిపించమని, మెల్లగానే ఒక మాట అడిగాను: "డిపాజిట్ కట్టనందుకు పేషెంటుని షిఫ్ట్ చేయడం లేదని కేస్ షీట్ మీద రాసి టైం వేసి సంతకం పెడతారా?" అని. ఏ ఆస్పత్రీ అలా రాసివ్వదు. ఎందుకివ్వదో కౌంటర్‌లో కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి ముందు వైద్యం, లాంఛనాలు ఆ తర్వాతేనని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది, ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా అదే బాధ్యత అని. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారు చేసిన పేషెంట్ల హక్కుల పత్రంలో, అత్యవసర వైద్యానికి ముందస్తు డబ్బు అడగకూడదని విడిగా ఉంది. తర్వాత కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకి ఆ హక్కుల జాబితాని పంపి అమలు చేయమంది. మన ఆస్పత్రుల్లో ఆ పత్రం గోడకి ఉంటుంది, చాలాసార్లు లిఫ్ట్ పక్కన, ఇంగ్లీషులో, హెల్త్ చెకప్ ప్యాకేజీ పోస్టర్ వెనకాల. ఇక్కడా అంతే. నేను వెతికి చూశాను.

మేనేజర్ వచ్చాడు, మామయ్యని పైకి పంపారు, డిపాజిట్ ముప్పై వేలకి దిగింది. అది ఆయన సీసీయూలోకి వెళ్లాక మా ఆయన ఆఫీసు నుంచి ట్రాన్స్‌ఫర్ చేశారు. మేనేజర్ మర్యాదస్తుడే. ఒక స్టార్ అక్కడే కోసేశాను గానీ, ఆయన వైపు మాట కూడా చెప్పాలి. డిశ్చార్జి రోజు బిల్లు ఎగ్గొట్టి వెనక మెట్లు దిగి వెళ్లిపోయినవాళ్లని నేను చూశాను. ఆ డబ్బు స్టాఫ్ మెడకి చుట్టుకోవడమూ చూశాను. డిపాజిట్ అడగడం తప్పని నేను అనను. ఎప్పుడు అడుగుతున్నారన్నదే నా గొడవంతా. స్ట్రెచర్ మీద మనిషి ఉండగా అడిగితే దాన్ని డిపాజిట్ అనరు.

యాంజియోగ్రామ్‌లో ఒక నాళంలో తొంభై శాతం అడ్డు తేలింది, ఒక స్టెంట్ వేయాలన్నారు. కార్డియాలజిస్టు మమ్మల్ని లోపలికి పిలిచి స్క్రీన్ మీద ఆ సన్నబడిన చోటు చూపించాడు. మా మరిదికి అర్థమయ్యేదాకా, విసుక్కోకుండా, పెన్నుతో గీసి మరీ చెప్పాడు. రెండో నాళంలో కొంచెం ఉందట, దానికి ఇప్పుడు స్టెంట్ అక్కర్లేదు, మందులతో చూద్దామన్నాడు. రెండూ వేసేస్తే బిల్లు ఎంత పెరుగుతుందో తెలిసినదాన్ని కాబట్టి ఆ మాటకి ఆయన మీద గౌరవం పెరిగింది. ఐదు స్టార్లు ఊరికే ఇవ్వలేదు.

రూమ్ దగ్గర రెండో పేచీ. ఇది కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడే పడిపోతారు. మా పాలసీ ఐదు లక్షలు, రూమ్ అద్దె అందులో ఒక శాతం, అంటే రోజుకి 5,000 దాటకూడదు. పీఆర్వో వచ్చి, "షేరింగ్ రూమ్స్ ఫుల్ మేడమ్, డీలక్స్ 7,500 ఉంది, మీకు ఇన్సూరెన్సే కదా, తేడా రోజుకి 2,500 కట్టుకుంటే సరిపోతుంది" అన్నాడు. సరిపోదు. రూమ్ పరిమితి దాటితే బీమా కంపెనీ తేడా ఒక్కటే కోయదు. పరిమితికీ అసలు అద్దెకీ ఉన్న నిష్పత్తిలో డాక్టరు ఫీజు, సర్జరీ ఛార్జీలు, నర్సింగ్ అన్నీ కోస్తుంది. 7,500 రూమ్‌లో 5,000 అర్హత అంటే ప్రతిదాంట్లో మూడో వంతు మన నెత్తిన. మందులు, స్టెంట్లు, పరీక్షల మీద ఈ కోత వేయకూడదని, ఐసీయూ ఛార్జీల మీదా వేయకూడదని బీమా కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2020లోనే చెప్పింది. కానీ మిగిలినవి తక్కువేమీ కావు.

దీనికి తోడు బయట ఎవరికీ చెప్పని ఇంకో సంగతి ఉంది. స్టెంట్ ధర విడిగా పోను, దాన్ని వేసే ప్యాకేజీ రేటు కూడా రూమ్‌ని బట్టి మారుతుంది. ఈ ఆస్పత్రిలో షేరింగ్‌కి 1,40,000, డీలక్స్‌కి 1,65,000. అదే క్యాథ్ ల్యాబ్, అదే డాక్టరు, అదే టేబుల్. ప్రొసీజర్ అయ్యాక మనిషి ఏ మంచం మీద పడుకుంటాడన్నదే తేడా. డీలక్స్ తీసుకుని ఆ ప్యాకేజీ మీద మూడో వంతు కోత పడితే ఒక్క దెబ్బకి 55,000. రోజుకి 2,500 అన్న మనిషి నోట ఆ అంకె రాలేదు. వాడికి తెలియదనుకోను. షేరింగ్ రూమ్ ఖాళీ అయ్యేదాకా సీసీయూ స్టెప్‌డౌన్‌లోనే (రూమ్‌కి పంపే ముందు ఉంచే చోటు) ఉంచమని రాసిచ్చాను. సాయంత్రానికి ఫుల్ అన్న షేరింగ్‌లో ఒక బెడ్ దొరికింది.

అదృష్టం, పక్క బెడ్ ఆయన గురక పెట్టడు.

స్టెంట్ ధర గురించి రెండు మాటలు. 2017 ఫిబ్రవరికి ముందు మందు పూసిన స్టెంట్‌కి లక్ష, లక్షన్నర కూడా వేసేవారు. అప్పుడు మందుల ధరలు నియంత్రించే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏ దానికి 29,600 అని గరిష్ఠ ధర పెట్టింది. ఏటా కాస్త కాస్త సవరిస్తూ 2025లో అది 38 వేల పైచిలుకుకి చేరింది, జీఎస్టీ అదనం. స్టెంట్ కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, ధర బిల్లులో విడిగా చూపించి తీరాలని కూడా ఆ ఉత్తర్వులో ఉంది. ఇక్కడ చూపించారు. ప్యాకెట్ మీద స్టిక్కర్ కూడా కేస్ షీట్‌లో అంటించి ఉంది, ఫొటో తీసుకోమని నర్సే చెప్పింది. ఈ ఒక్క విషయంలో కౌంటర్‌కి మార్కులు వేశాను.

స్టెంట్ ధరకి మూత పెట్టాక ఆవిరి పక్క నుంచి, అంటే స్టెంట్ వేసేటప్పుడు వాడే మిగతా సామాను నుంచి వచ్చింది. బెలూన్, గైడ్ వైర్, క్యాథెటర్, షీత్, సిరంజీలు, గ్లౌజులు. 2017లో గురుగ్రామ్‌లో డెంగీతో చనిపోయిన ఏడేళ్ల పాప తల్లిదండ్రులకి దాదాపు పదహారు లక్షల బిల్లు చేతిలో పెట్టిన సంగతి గుర్తుండే ఉంటుంది. అందులో ఆరొందలకి పైగా సిరంజీలున్నాయి. ఆ గొడవ తర్వాత ఎన్‌పీపీఏ ఢిల్లీ చుట్టుపక్కల నాలుగు ప్రైవేటు ఆస్పత్రుల బిల్లులు తెప్పించి చూసి, మందులు, వాడి పారేసే సామాను మీద లాభం కొన్నిచోట్ల 1,737 శాతం దాకా ఉందని 2018లో బయటపెట్టింది. ఇందులో ఎంఆర్‌పీ కంటే ఎక్కువ తీసుకోవాల్సిన పనే లేదు. ఆస్పత్రి పెద్ద మొత్తంలో కొంటుంది, కాబట్టి అట్ట మీద ఏ ధర ఉండాలన్నది ఆస్పత్రి అవసరాన్ని బట్టే అచ్చవుతుంది. మా బిల్లులో ఉన్నవన్నీ ఎంఆర్‌పీ ధరలే, ఒక్క రూపాయి ఎక్కువ లేదు. చట్టం లెక్కన ఎవరూ తప్పు చేయలేదు.

మందులు ఆస్పత్రి షాపులోనే కొనాలని బలవంతం చేయడం గురించి సుప్రీంకోర్టులో వేసిన పిల్ 2025 మార్చిలో తేలింది. కోర్టు తనంతట తానుగా ఆదేశాలు ఇవ్వకుండా, విధానం చేసుకోండని రాష్ట్రాలకి వదిలేసింది. కాబట్టి బయట నుంచి తెచ్చుకుంటామంటే చాలాచోట్ల ఇంకా "ఇన్‌ఫెక్షన్ వస్తే మా పూచీ లేదు" అనే జవాబే వస్తుంది. లోపలున్న పేషెంటుకి నేనైతే ఆ వాదన పెట్టుకోలేదు. కానీ డిశ్చార్జి తర్వాత వాడాల్సిన నెల రోజుల మందులు మాత్రం చీటీ తీసుకుని బయటకొచ్చి కొన్నాను. రక్తం గడ్డకట్టకుండా వేసే మాత్ర వేరే కంపెనీది సగం ధరకే దొరికింది. మార్చే ముందు కార్డియాలజిస్టుకి చూపించాను. ఆయన మందు పేరు చదివి, "ఇదీ అదే, వాడండి, కానీ ఒక్క పూట కూడా మానొద్దు" అన్నాడు. ఆ ఆఖరి ముక్క మామయ్య వైపు తిరిగి చెప్పాడు.

నేను కచ్చితంగా అడిగింది ఫార్మసీ రిటర్న్స్. వార్డు నుంచి ఇండెంట్ (మందుల ఆర్డరు) పెట్టేటప్పుడు నర్సులు రెండు ఎక్కువే పెడతారు, రాత్రి పూట షాపుకి పరిగెత్తలేక. అది తప్పు కాదు. వాడనివి వెనక్కి పంపి బిల్లులోంచి తీయించడం మాత్రం అడిగితేనే జరుగుతుంది. డిశ్చార్జికి ముందు రోజు రాత్రి నర్సుతో కూర్చుని మామయ్య బెడ్ పక్క డ్రాలో ఉన్నవి లెక్కపెట్టాం. సెలైన్ సెట్లు, రెండు యాంటీబయోటిక్ వయల్స్, ఒక మోయలేనంత గ్లౌజుల డబ్బా. అన్నీ వెనక్కి వెళ్లాయి. ఆ నర్సు కేరళలోని ఇడుక్కి పిల్ల. తెలుగు ఇంకా సరిగా రాదు, కానీ మామయ్యని "అప్పచ్చా" అని పిలుస్తూ రాత్రంతా బీపీ చూసింది. నర్సింగ్‌కి నాలుగో స్టార్ ఆ అమ్మాయిదే. ఐదోది నేను తగ్గించింది కాలింగ్ బెల్ కొట్టినా ఎవరూ రాని ఒక మధ్యాహ్నానికి.

నాన్ మెడికల్ అని ఒక పేజీ వచ్చింది, 6,840. బీమా ఇవ్వదు, మీరే కట్టాలి అని. దాన్ని చదవకుండా కట్టేయకండి. అడ్మిషన్ కిట్, ఫైల్ ఛార్జి, చేతికి కట్టే పేరు పట్టీ, హౌస్‌కీపింగ్, డిశ్చార్జి ప్రాసెసింగ్, పల్స్ ఆక్సీమీటర్ ఛార్జీలు. ఐఆర్‌డీఏఐ జాబితాల్లో ఇవన్నీ రూమ్ అద్దెలో కలిసిపోయేవి, విడిగా వేయాల్సినవి కావు. పక్కనే ఉన్న అటెండెంట్ భోజనం, మినరల్ వాటర్, డైపర్లు మాత్రం నిజంగానే మనం కట్టుకోవాల్సినవి. ఆ జాబితా బీమా కంపెనీల కోసం రాసింది కాబట్టి ఆస్పత్రి, "మాకు వర్తించదు" అనొచ్చు. మొదట అలాగే అన్నారు. మీరు ఆ బీమా కంపెనీతో నెట్‌వర్క్ ఒప్పందంలో ఉన్నారు కదా, ఒకే దానికి రూమ్ అద్దెలో ఒకసారి, బయట ఒకసారి ఎలా వేస్తారో మెయిల్‌లో రాసివ్వమన్నాను. కౌంటర్‌లో అమ్మాయి లోపలికి వెళ్లి, తిరిగొచ్చి, ఒక్కో లైనూ నా ముందే తీసేసింది. 2,910కి దిగింది. "మేడమ్, మీరు ఇంతకు ముందు ఎక్కడ చేశారు?" అని చిన్నగా అడిగింది. చెప్తే నవ్వింది.

మామయ్య మంచం మీద కూర్చుని ఆ పేజీలు తిరగేసి, "మన యార్డులో కమీషన్ ఏజెంటు రాసిచ్చే లెక్క పట్టీ కూడా ఇంతే కదే అమ్మాయ్, తరుగు ఏ లెక్కన తీశాడో వాడికే తెలుసు" అన్నారు. మిర్చి యార్డులో నలభై ఏళ్లు బస్తాలు దింపిన మనిషి. బిల్లు అంటే ఏంటో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

డిశ్చార్జి రోజు టెన్షన్ వేరు. పొద్దున రౌండ్స్‌లోనే డాక్టరు వెళ్లిపోవచ్చని రాశాడు. మేం గేటు దాటేసరికి చీకటి పడింది. 2024 మేలో వచ్చిన ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ప్రకారం, క్యాష్‌లెస్ చేర్చుకోవడానికి గంటలోపు, డిశ్చార్జికి మూడు గంటల్లోపు బీమా కంపెనీ జవాబు చెప్పాలి. ఆలస్యమై ఆస్పత్రి అదనంగా ఏదైనా వేస్తే అది బీమా కంపెనీయే భరించాలి. పేషెంటు చనిపోతే వెంటనే క్లెయిమ్ చూసి దేహాన్ని ఇప్పించాలని కూడా అందులో ఉంది. బాగుంది. కానీ ఆ మూడు గంటల గడియారం మొదలయ్యేది ఆస్పత్రి ఫైనల్ బిల్లు పంపినప్పుడు. మా ఫైలు ఆస్పత్రిలో బీమా ఫైళ్లు చూసే టీపీఏ డెస్క్ దాటింది మధ్యాహ్నం రెండున్నరకి. అంతవరకు సమ్మరీ టైప్ అవుతోంది, ఫార్మసీ క్లియరెన్స్ రావాలి, ల్యాబ్ క్లియరెన్స్ రావాలి అంటూనే ఉన్నారు. బీమా వాళ్లు ఐదింటికే అప్రూవ్ చేశారు, అంటే వాళ్లు టైం తప్పలేదు. అయినా రూమ్ ఖాళీ చేయలేదని మరో రోజు అద్దె పడింది. దాన్ని తీయించడానికి మళ్లీ మేనేజర్. తీశాడు, పాపం, ఈసారి నన్ను చూడగానే.

పక్క వార్డులో ఆరోగ్యశ్రీ కార్డు మీద చేరిన పెద్దావిడ ఒకరున్నారు, వినుకొండ వైపు నుంచి. ఆవిడ కొడుకుతో క్యాంటీన్‌లో మాట్లాడాను. డిపాజిట్ లేదు, బిల్లు లేదు, ఆరోగ్యమిత్ర కౌంటర్‌లో ఫొటో తీసుకుని చేర్చుకున్నారు. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలతో మొదలైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు ఏపీలో ఎన్టీఆర్ వైద్య సేవ. పేర్లు మారినా మా వైపు జనం ఇప్పటికీ శ్రీ కార్డనే అంటారు. అయితే ఆవిడ అంతకు ముందు వెళ్లిన ఆస్పత్రిలో, "ప్రభుత్వం బకాయిలు ఇవ్వలేదు, ఇప్పుడు కార్డు తీసుకోవడం లేదు" అని పంపేశారట. ఆ బకాయిలు నిజమే. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేశాయి. ఆస్పత్రికీ ప్రభుత్వానికీ మధ్య లెక్క తేలనప్పుడు స్ట్రెచర్ మీద ఉన్న మనిషి మళ్లీ ఇంకో అంబులెన్సు ఎక్కాలి. మా వీధిలో ఆయన ఎక్కిన కారు లాంటిదే అదీ.

మొత్తానికి అంకెలు: నాన్ మెడికల్ తగ్గాక బిల్లు 2,27,470. తల్లిదండ్రులకి పది శాతం కో-పే ఉంది కాబట్టి మా వాటా 22,456, దానికి ఆ 2,910 కలిపితే 25,366. అడక్కపోతే, డీలక్స్ రూమ్ తీసుకుని ఉంటే, ఇంకో అరవై డెబ్బై వేలు చేతి నుంచి పోయేవి. మూడెకరాల మిర్చి మీద అది చిన్న మొత్తం కాదు. నేను కౌంటర్‌లో పనిచేసి ఉన్నాను కాబట్టి అడిగాను. మా అత్తయ్య ఒక్కతే వెళ్లి ఉంటే అడిగేది కాదు, అడగడానికి ఏముందో కూడా ఆవిడకి తెలిసేది కాదు. హక్కుల పత్రాన్ని లిఫ్ట్ పక్కన ఇంగ్లీషులో పెట్టినందుకు ఇంకో స్టార్ కోశాను. బిల్లింగ్ డెస్క్ మీద, తెలుగులో, పెద్దక్షరాలతో పెడితే ఆ స్టార్ తిరిగిచ్చేస్తాను.

ఇక్కడికి వెళ్లేవాళ్లకి: గుండె సమస్య అయితే నిస్సంకోచంగా వెళ్లండి, డాక్టర్లు మంచివాళ్లు. రూమ్ ఎంచుకునే ముందు పాలసీలో రూమ్ పరిమితి చూసుకోండి, ఎస్టిమేట్ కాగితం మీద తీసుకోండి, రోజూ సాయంత్రం ఇంటరిమ్ బిల్లు (అప్పటిదాకా అయిన బిల్లు) అడగండి, ఇస్తారు. ఆస్పత్రి వినకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం దాని కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1995లో తేల్చింది. బీమా కోత మీద అయితే బీమా భరోసా పోర్టల్, అక్కడా కాకపోతే హైదరాబాద్‌లో అంబుడ్స్‌మన్. పార్కింగ్‌కి స్థలం తక్కువ, బైకులైతే పర్లేదు. క్యాంటీన్‌లో ఇడ్లీ బాగుంది, టీ వద్దు, ఎదురుగా బండి దగ్గర తాగండి.

మేం కట్టిన ముప్పై వేల డిపాజిట్‌లోంచి 4,634 వెనక్కి రావాలి. "వారంలో మీ అకౌంట్‌లో పడుతుంది మేడమ్" అన్నారు. వారం దాటింది, ఇంకా పడలేదు. పడితే ఇక్కడే రాస్తాను.